రెండు పెట్టెల కాపురం

ఇల్లు కట్టుకున్నవారు కువైట్‌లో ఉంటారు. ఇల్లు మాత్రం రాయచోటిలో ఉంటుంది. కడప, రాయచోటి, రాజంపేట వీధుల్లో ఒకసారి నడిచి చూడండి. రంగులు వేసిన మేడ, గ్రానైటు మెట్లు, ఇనుప గేటుకు గొలుసు, గొలుసుకు తాళం. గేటు సందులో ఎవరో దోపిన కరెంటు బిల్లు ఎండకు పసుపెక్కి వేలాడుతూ ఉంటుంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు కూడా ఇలాంటి మేడలు తక్కువేమీ కాదు. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు పుట్టుకొచ్చిన తర్వాత మన ఊళ్ళ నుంచి డ్రైవర్లు, మేస్త్రీలు, వంటవాళ్ళు, ఇంటిపనికి ఆడవాళ్ళు వెళ్ళడం మొదలైంది. ఆ దారి ఇప్పటికీ మూసుకుపోలేదు. అక్కడ ఒకే గదిలో ఎనిమిది మంది సర్దుకుని పంపిన డబ్బుతో ఇక్కడ నాలుగు గదుల ఇల్లు లేస్తుంది. ఆ ఇంట్లో పడుకునే భాగ్యం రెండేళ్ళకోసారి, సెలవు దొరికిన కొద్ది వారాలు మాత్రమే.

తాళం వేసిన ఇల్లు ఊరికే ఉండదు. తలుపు చట్రాల్లో చెద పడుతుంది. తిప్పకుండా వదిలేసిన మోటారు పట్టేస్తుంది. స్నానాల గదిలో నీళ్ళు పోయే కన్నం ఎండిపోయి, మురుగు కంపు, బొద్దింకలు పైకి వస్తాయి. వాన కురిస్తే మేడ మీద ఆకులు అడ్డుపడి నీళ్ళు నిలిచి, కప్పు చెమ్మగిల్లుతుంది. రెండేళ్ళకు వచ్చిన యజమాని సెలవంతా మరమ్మతులకే సరిపోతుంది. అందుకే నమ్మకమైనవారిని చూసి ఇంట్లో పెట్టి వెళ్తారు. ఇది అద్దె కాదు, నౌకరీ కాదు. కొందరు కొంత డబ్బు ఇస్తారు, చాలామంది ఇవ్వరు. ఉండడానికి నీడ దొరుకుతుంది, దానికి బదులుగా ఇంటిని కాపాడాలి. మా ఊళ్ళలో దీన్ని 'ఇల్లు చూసుకోవడం' అంటారు. పెద్దవాళ్ళు మాత్రం ఒకే మాట అంటారు: అమానతు.

బడిపంతులుగా రిటైరైన తర్వాత నేనూ మా ఇంటావిడా గత ఏడేళ్ళలో నాలుగు ఇళ్ళు ఇలా చూసుకున్నాం. పిల్లలు వేరే ఊళ్ళలో స్థిరపడ్డారు. సొంత ఇల్లు అమ్మి వాళ్ళ పెళ్ళిళ్ళు చేశాం. పింఛను ఇద్దరికి సరిపోతుంది, అద్దె కూడా కట్టాలంటే సరిపోదు. కథ అంతే, ఇందులో వైరాగ్యమేమీ లేదు. మా సామాను రెండు రేకు పెట్టెలు, ఒక పరుపు చుట్ట, ఒక గ్యాసు పొయ్యి, వంట గిన్నెలు ఉన్న ఒక గోనె సంచి. మొత్తం ఒక్క ఆటోలో పడుతుంది. పెట్టెలు రెండే ఎందుకంటే యజమాని ఎప్పుడు వస్తాడో ఎవరూ చెప్పలేరు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగినప్పుడు లక్షన్నరకు పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తెచ్చారు. 2020లో కరోనా నాడూ వేలమంది అలాగే ఉద్యోగాలు పోగొట్టుకుని దిగారు. ఇంటివారు గుమ్మంలో నిలబడి ఉంటే, 'మా సామాను సర్దుకోవడానికి పది రోజులివ్వండి' అనడం మర్యాద కాదు.

ఇలా ఇల్లు మారేవారికి ఒక సంగతి త్వరగా అర్థమవుతుంది. ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువూ మళ్ళీ బయటికి వెళ్ళాలి. సొంత ఇంట్లో అయితే అటక ఉంటుంది, మంచం కింద చోటుంటుంది, మెట్ల కింద చీకటి మూల ఉంటుంది. వస్తువు అక్కడికి వెళ్తే మన కళ్ళ ముందు నుంచి పోతుంది, పోయిందనుకుంటాం. అమానతు ఇంట్లో ఆ మూలలు మనవి కావు. కూరగాయల కవరు, బిస్కెట్ల ప్యాకెట్, షాంపూ సీసా, పెరుగు డబ్బా ఏవైనా సరే మన లెక్కలోనే ఉంటాయి. ప్లాస్టిక్ తగ్గించాలని మేం ఏదో ప్రతిజ్ఞ చేసి మొదలుపెట్టలేదు. చోటు లేక మొదలైంది. తర్వాతే దాని మంచిచెడ్డలు తెలుసుకున్నాం.

ఏ ఇంటికి వెళ్ళినా వంటగదిలో తలుపు వెనక ఒక వస్తువు తప్పకుండా కనిపిస్తుంది. కవర్లు కుక్కిన కవరు! పేదింట్లోనూ ఉంటుంది, కువైట్ మేడలోనూ ఉంటుంది. 'ఎప్పుడైనా పనికొస్తాయి' అని ప్రతి గృహిణీ దాచుతుంది. నిజానికి అది దుబారా మనిషి చేసే పని కాదు, పొదుపరి చేసే పని. వచ్చే కవర్లు పదైతే మళ్ళీ వాడేది ఒకటి కావడమే చిక్కు. ఒక ఇంట్లో అలాంటి కవర్లతో పాటు కార్గోలో వచ్చిన ఐస్‌క్రీం డబ్బాలు, పాలపొడి డబ్బాలు, శరబత్ సీసాలు మంచం కింద వందకు పైగా ఉన్నాయి. మా ఇంటావిడకు చేతులు ఊరుకోవు. కబాడీ అతణ్ణి పిలిచి ఇచ్చేస్తే రెండు గదులు తేలికవుతాయి. కానీ అవి మావి కావు. యజమానురాలికి ఫోను చేసి, డబ్బాలు ఒక్కొక్కటి చూపిస్తూ అడిగింది. ఆ అమ్మాయి కవర్లన్నీ తీసేయమంది, సీసాలు తీసేయమంది. ఒక ఐస్‌క్రీం డబ్బా దగ్గర మాత్రం ఆగిపోయింది. "ఖాలా, అది ఉండనీ. మావాడి మొదటి పుట్టినరోజుకు తెచ్చింది. అప్పుడే నేను సెలవులో వచ్చాను" అంది. ఆ డబ్బాను కడిగి, ఆరబెట్టి, బట్టలో చుట్టి బీరువా మీద పెట్టాం. ఎదుటివారి ఇంట్లో ఏది చెత్తో నిర్ణయించే హక్కు మనకు లేదు. మన చేత్తో కొత్తగా తెచ్చేదాని మీదే మన హక్కు.

ఇక మనం రోజూ తెచ్చే కవరు సంగతి చూద్దాం. దుకాణంలో ఇచ్చే కవరుకు మందం ఇంత ఉండాలని మన దేశంలో మొదట 1999లో నిబంధన పెట్టారు. అప్పుడది 20 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. 2011లో దాన్ని 40 చేశారు, 2016లో 50 చేశారు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలన్నారు. మందం పెంచితే ప్లాస్టిక్ ఎక్కువవుతుంది కదా, ఇదేం విడ్డూరం అని చాలామంది అడుగుతారు. కారణం ఉంది. మందమైన కవరు ఖరీదు ఎక్కువ, కొట్టువాడు ఊరికే ఇవ్వలేడు. డబ్బు పెట్టి కొన్న కవరును మనిషి రెండోసారి వాడతాడు. పారేసినా చిత్తు కాగితాలు ఏరుకునేవారికి దాన్ని ఏరితే గిట్టుబాటు అవుతుంది. పల్చని కవర్లు కిలో కావాలంటే వందలకొద్దీ ఏరాలి. ఏ బిడ్డ ఆ ఎండలో అంతసేపు వంగుతుంది? అందుకే పల్చనివి కాలువలోనే ఉండిపోతాయి. బంగ్లాదేశ్‌లో 1988, 1998 వరదలప్పుడు పాలిథీన్ సంచులు మురుగుకాలువలకు అడ్డుపడి నీళ్ళు పోలేదు. 2002లో ఆ దేశం పల్చని సంచులను పూర్తిగా నిషేధించింది, ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. మన దగ్గర నిబంధన కాగితం మీద బాగుంది. సంతలో చూస్తే పచ్చిమిరపకాయలు ఇప్పటికీ ఊదితే ఎగిరే కవరులోనే వస్తున్నాయి.

పారేసినది ఎక్కడికి పోతుందన్నది ఇంకో ప్రశ్న. 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలు లెక్కగట్టి ప్రకటించినదాని ప్రకారం, 2015 వరకు ప్రపంచంలో ప్లాస్టిక్ చెత్తగా మారినదంతా కలిపితే అందులో తొమ్మిది శాతమే మళ్ళీ వాడకంలోకి వచ్చింది. పన్నెండు శాతం కాల్చారు. మిగిలిన డెబ్బై తొమ్మిది శాతం చెత్తదిబ్బల్లోనో, నేల మీదనో, నీళ్ళలోనో ఉంది. మా వీధిలో ఈ కాల్చే వంతు కళ్ళారా కనిపిస్తుంది. ఫజర్ నమాజు ముగించుకుని వచ్చేసరికి మూల మీద ఎవరో ఒకరు చెత్త ఊడ్చి నిప్పు పెడతారు. పైపు ముక్కలు, చెప్పులు, వైరు తొడుగులు ఏవున్నాయో చూడరు. పి.వి.సి. రకం ప్లాస్టిక్ కాలితే గొంతు మండించే ఆమ్లపు పొగ వస్తుంది, డయాక్సిన్లనే విషాలూ పుడతాయి. మా ఇంటావిడకు ఆయాసం ఉంది. ఆ పొగ వచ్చిన రోజు ఆమె మధ్యాహ్నం దాకా మంచం మీద కూర్చునే ఉంటుంది, పడుకుంటే ఊపిరి అందదు. ఈ వ్యవహారం మాకు పుస్తకంలో చదివిన పర్యావరణం కాదు. పొద్దుటిపూట తెరవాలో మూయాలో తేల్చుకోవలసిన కిటికీ.

పశువుల సంగతి చెప్పనక్కరలేదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ వారు ఆవుల కడుపులు కోసి చూస్తే పదుల కిలోల ప్లాస్టిక్ ముద్దలు బయటపడ్డాయి. వాళ్ళు 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అన్నం వాసన ఉన్న కవరును ముడి విప్పి తినడం ఆవుకు రాదు, కవరుతో సహా మింగుతుంది. మేకలూ అంతే. బక్రీదుకు వేలు పోసి మేకను కొని, దాని పళ్ళు చూస్తాం, కొమ్ములు చూస్తాం, కుంటుతుందేమో నడిపించి చూస్తాం. అది ఏ చెత్తకుండీ దగ్గర మేసి పెరిగిందో మనం అడగం.

ఇక మేం ఇంట్లో ఏం చేస్తామో చెబుతాను, కొందరికైనా పనికొస్తుందేమో. పాలు గేదెలున్నవారి ఇంటి నుంచి చెంబులో తెచ్చుకుంటాం. దొరకని ఊళ్ళో ప్యాకెట్ తప్పలేదు. దాని మూలను పూర్తిగా కత్తిరించకుండా కొంచెం అంటి ఉండేలా కోస్తుంది మా ఇంటావిడ. తెగిన చిన్న ముక్కను ఎవరూ ఏరరు, నేరుగా కాలువలోకే పోతుంది. ప్యాకెట్‌ను కడిగి, ఆరేసి, పోగుపెడితే కబాడీ అతను తూకానికి తీసుకుంటాడు. మాంసానికి మూతున్న స్టీలు డబ్బా తీసుకెళ్తాను. మా చిన్నప్పుడు కసాయి టేకాకులో చుట్టి ఇచ్చేవాడు, అది ఇంటికొచ్చి చెత్తలో పడ్డా నాలుగు రోజుల్లో మట్టయ్యేది. కొట్టువాడు మొదట డబ్బా చూసి నవ్వాడు. తర్వాత ఒకరోజు తనే "సార్, మీవల్ల నాకు కవరు మిగిలింది" అని చారెడు కైమా ఎక్కువ వేశాడు. పప్పులు, చింతపండు, మిరపకాయలు గుడ్డ సంచుల్లో తెస్తాం. ఆ సంచులు పాత లుంగీలతో, దుపట్టాలతో ఇంట్లోనే కుట్టినవి. తలకు కుంకుడుకాయ, శీకాయ. గిన్నెలకు కొబ్బరిపీచు, బీరపీచు. తాగడానికి మట్టికుండ. వజూకు పాత అల్యూమినియం బద్నా ఉంది, మా అమ్మ వాడినది. మూతి దగ్గర సొట్ట పడింది గాని కారడం లేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఉన్న ప్లాస్టిక్ బకెట్టును పారేసి, దాని స్థానంలో స్టీలు బకెట్టు కొనడం నా దృష్టిలో తెలివితక్కువ పని. బకెట్టు పదేళ్ళు పనిచేస్తుంది, కుర్చీ పదిహేనేళ్ళు పనిచేస్తుంది. విరిగేదాకా వాడండి. పావుగంట వాడి పారేసేవాటితోనే గొడవంతా. ఈ మధ్య కొందరు ప్లాస్టిక్ మానేశామని చెప్పి రాగి సీసాలు, వెదురు బ్రష్షులు, గాజు డబ్బాలు వరుసగా కొని అలమరా నింపుతున్నారు. అది కూడా సామానే. ఆటోలో ఎక్కించి చూస్తే బరువు తెలుస్తుంది.

తప్పించుకోలేనివీ ఉన్నాయి. మందుల అట్టలు, నూనె ప్యాకెట్లు, మా ఇంటావిడ పీల్చే మందు గొట్టం. లోపల వెండిరంగు పూత ఉండే చిప్స్, బిస్కెట్ల కాగితాలను కబాడీవాడు కూడా ముట్టుకోడు, ఎందుకంటే అందులో పొరలు వేరుచేయడం కుదరదు. మనవలు వచ్చినప్పుడు అవి ఇంట్లోకి వస్తాయి. పిల్లల చేతిలోంచి లాక్కుని ఉపన్యాసం చెప్పే తాతను కావడం నాకిష్టం లేదు.

ఇంట్లో ఎంత చేసినా విందు రోజున అంతా కొట్టుకుపోతుంది. వలీమాకు వెళ్ళండి. ఒకప్పుడు గుడ్డ దస్తర్‌ఖాన్ పరిచేవారు, విందు కాగానే దులిపి ఉతికేవారు. ఇప్పుడు పల్చని ప్లాస్టిక్ చుట్ట తెచ్చి, గజాలకొద్దీ లాగి పరుస్తారు. భోజనం కాగానే ఎముకలు, మిగిలిన బిర్యానీ, నీళ్ళ ప్యాకెట్లు అన్నీ అందులోనే చుట్టి దిబ్బ మీదికి విసురుతారు. శుభ్రం చేయడం ఎంత సులువో! 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, స్వీటు పెట్టెల మీదా శుభలేఖల మీదా చుట్టే పల్చని పొర వంటివి దేశమంతా నిషేధంలో ఉన్నాయి. వాటి బదులు పేపరు గ్లాసు వచ్చింది. దాని లోపల గోటితో గీకి చూడండి, సన్నని ప్లాస్టిక్ పొర లేస్తుంది.

రంజాన్‌లో మా వీధి మస్జిదులో ఇఫ్తారు గంజి పంచుతారు. సీమలో ఇది పాత అలవాటు. ఇదివరకు పిల్లలు చెంబులు, టిఫిన్ క్యారియర్లు పట్టుకుని అస్ర్ నుంచే వరుసలో నిలబడేవారు. కొన్నేళ్ళుగా పొగలు కక్కే గంజిని కవర్లలో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇస్తున్నారు. నేను కమిటీవారితో మాట్లాడాను. మళ్ళీ వాడిన ప్లాస్టిక్‌తో చేసిన సంచుల్లో తినే పదార్థాలు పెట్టకూడదని 1999 నిబంధనల్లోనే ఉందని, ఈ కవర్లు దేనితో చేసినవో ఇచ్చేవాడికే తెలియదని చెప్పాను. ఒక పెద్దాయన శాంతంగా విని, "మాస్టారూ, మేస్త్రీ పని నుంచి నేరుగా వచ్చే కూలీ గిన్నె ఎక్కడ తెస్తాడు?" అని అడిగారు. న్యాయమైన మాట. కవరు వద్దని చెప్పడం తేలిక. ఆ మనిషి ఉపవాసం విరమించేది దేనితో అన్నది తేలాలి. చివరికి చందాలు వేసి రెండు వందల స్టీలు గిన్నెలు కొన్నారు. కూలీలు అక్కడే కూర్చుని తాగుతారు, కుర్రాళ్ళు కడుగుతారు. ఇంటికి తీసుకెళ్ళేవారు గిన్నె తెస్తే ముందు పోస్తారు. కవర్లు పూర్తిగా పోలేదు, సగానికి తగ్గాయి. ఖుర్బానీ మాంసం పంచే నల్ల కవర్ల దగ్గర ఇంకా తెగలేదు. బంధువుల ఇళ్ళకు గిన్నెలో పంపవచ్చు. గేటు దగ్గరికి వచ్చిన పేదరాలు నలుగురి ముందు చేతిలో మాంసం పట్టుకుని వెళ్ళాలంటే సిగ్గుపడుతుంది, కవరైతే కొంగు కింద దాచుకుంటుంది. దానికి గుడ్డ సంచులు కుట్టి ఇద్దామని ఆడవాళ్ళు అంటున్నారు. రక్తం కారకుండా లోపల ఆకు పెడితే సరిపోతుందేమో చూడాలి.

ఈ లెక్కలో మనవాళ్ళ బతుకులు కూడా ఉన్నాయి. గిన్నెలకు కళాయి పోసేవారు వీధుల్లో తిత్తి పెట్టుకుని కూర్చునేవారు. దూదేకుల కుటుంబాలు పరుపులు, బొంతలు ఏకి కుట్టేవి. ప్లాస్టిక్, ఫోము వచ్చి ఆ పనులను తినేశాయి. వారి పిల్లల్లో కొందరు ఇప్పుడు పాత ప్లాస్టిక్ కొనే తోపుడుబండ్లు తోస్తున్నారు. మా పరుపును మాత్రం ఇప్పటికీ దూదితోనే కుట్టిస్తాం. ఏడేళ్ళలో ఒకసారి విప్పి ఏకించాం, మళ్ళీ కొత్తదై వచ్చింది.

ఇలా ఇల్లు చూసుకోవాలనుకునేవారు ముందే కొన్ని మాటలు తేల్చుకోవాలి. కరెంటు బిల్లు ఎవరిది, ఇంటిపన్ను ఎవరు కట్టాలి, తాళం వేసిన గది తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, మన బంధువులు వస్తే ఎన్నాళ్ళు ఉండవచ్చు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి. బంధువులే కదా అని కాగితం రాసుకోకపోవడం మంచిది కాదు. గోవాకు చెందిన ఒక కేసులో తోబుట్టువుల మధ్యే ఇంటి కోసం తగాదా నడిచింది. చూసుకోవడానికి ఇంట్లో ఉన్నవారు ఎన్నేళ్ళు ఉన్నా ఆ ఇంటి మీద వారికి హక్కు పుట్టదని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాగితం ఉంటే యజమానికి ధైర్యం, మనకు గౌరవం. మేం చేరిన రోజే ప్రతి గదిలో ఏమున్నాయో నోటుపుస్తకంలో రాసి, గోడల పగుళ్ళతో సహా ఫోనులో తీసి పంపిస్తాం. వెళ్ళే రోజు అదే పుస్తకం చూసి అప్పగిస్తాం.

ఇప్పుడున్న ఇంటివారు వచ్చే రంజాన్‌కు వస్తున్నారు. మదనపల్లెలో ఇంకో ఇల్లు మాట్లాడుకున్నాం. అక్కడ బావి ఉందట, మోటారు లేదట. మా ఇంటావిడ బొక్కెన తాడు ఏ పెట్టెలో పెట్టాలా అని చూస్తోంది.